సరంగు గారి పెరుగన్నం

మా ఇంట్లో పండుగ భోజనాలకు ఒక విస్తరి ఎక్కువ వేస్తారు. అమెరికాలో, మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో పచ్చి అరిటాకు అన్నిసార్లూ దొరకదు కనుక ఇప్పుడది ఇండియన్ స్టోర్లో అమ్మే అడ్డాకు విస్తరి. దాంట్లో పప్పు, కూర, పులిహోర ఏవీ వడ్డించం. పెరుగన్నం ఒక్కటే, పక్కన ఒక మాగాయ ముక్క. ఆ విస్తరి ముందు ఎవరూ కూర్చోరు. అది సరంగు గారిది.

సరంగు అంటే ఓడ నడిపే పెద్ద. మా ముత్తాత గారి చివరి తెరచాప ఓడను కోరంగి రేవు నుంచి రంగూన్‌కు తీసుకువెళ్ళినవాడు ఆయన. ఓడ బయలుదేరే రోజున సరంగు మా ఇంట్లో భోంచేయడం ఆచారం. పప్పూ కూరా పులుసూ అన్నీ తిని, తీరా పెరుగు వడ్డించే వేళకు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి లేచిపోయేవాడు. పెరుగన్నం తిరిగి వచ్చాక. సగంలో లేచిన భోజనాన్ని పూర్తి చేయడానికైనా మనిషి వెనక్కి వస్తాడని మా వాళ్ళ నమ్మకం కాబోలు. ఓడ క్షేమంగా రేవు చేరితే సరంగు ముందు మా ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పెరుగన్నం తిని, ఆ తరువాతే సొంత ఇంటికి వెళ్ళేవాడు.

ఆ చివరిసారి ఓడ నిండా నేతబట్టలు, పొగచుట్టలు వేసుకుని వెళ్ళారు. వచ్చేటప్పుడు టేకు దూలాలు తేవాలి. రాలేదు.

మా ఇంట్లో ఆ ఓడ మునిగిందని ఎవరూ అనగా నేను వినలేదు. "ఇంకా రాలేదు" అంటారు. ముత్తాత గారు అదే అన్నారట. తాతగారు అన్నారు. నాన్నగారు అన్నారు. ఓడ వెనకే రేవులో గిడ్డంగులు పోయాయి, మేడ పోయింది, పొలాలు పోయాయి. మా తాతగారు కాకినాడలో ఒకప్పటి తమ గుమాస్తా కొడుకు కొట్లో గుమాస్తాగా చేరారు. అక్కడికి కూడా ఇస్త్రీ ఉత్తరీయం వేసుకునే వెళ్ళేవారు. కొట్టు యజమాని లేచి నిలబడేవాడు, తాతగారు కూర్చోమనేవారు, అప్పుడు ఇద్దరూ పని మొదలుపెట్టేవారు. ఆస్తిలో నా వాటాకు వచ్చింది నిటారుగా కూర్చునే అలవాటు, ఆ ఒక్క మాట, ఈ విస్తరి. మూడింటికీ నేను లోటు రానివ్వలేదు. కార్ల బ్రేకులు ఎందుకు కీచుమంటాయో పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తూ, అమెరికా వచ్చిన నాటి నుంచి ఇంతవరకూ, నేను ఓడల వారి ఇంటి మనిషిననే సంగతి మరిచిపోలేదు. నా స్నేహితులను కూడా మరిచిపోనివ్వలేదు.

వాళ్ళు దాన్ని తమకు తోచినట్టు వాడుకుంటారు. మా వీధి చివర ఉండే గుంటూరు మిత్రుడైతే ఫోన్ ఎత్తగానే, "ఏం కామందు గారూ, ఓడ వచ్చిందా?" అంటాడు. "ఇంకా లేదండీ" అంటాను. అతను నవ్వుతాడు. నేను నవ్వను. మా ఇద్దరికీ అది అలవాటైపోయింది.

మాకు ఒక్కతే అమ్మాయి. తోటివాళ్ళ పిల్లలు డాక్టర్లవుతుంటే తను నీటి అడుగున ఉన్న పాత ఓడల గురించి చదివింది. చదివి, ఉత్తరాన హ్యూరన్ సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో, మునిగిన ఓడల మ్యూజియంలో చేరింది. అడుగు భాగం అద్దాలతో చేసిన పడవలో జనాన్ని ఎక్కించుకుని వెళ్ళి, కిందనున్న పాత ఓడలను చూపించడం తన పని. పడవ నడిపే లైసెన్సు కూడా తీసుకుంది. అది చదువేనా, అదొక ఉద్యోగమేనా అని పార్టీల్లో అడిగేవాళ్ళు అడుగుతారు. ఓడల ఇంటి పిల్ల ఓడల దగ్గరకే చేరిందని నాకు చాలా తృప్తి. అది పైకి చెప్పుకునే సంగతి కాదు కనుక చెప్పలేదు.

నిరుడు ఉగాదికి అమ్మాయి ఇంటికి వచ్చింది. గుంటూరు మిత్రుడి కుటుంబాన్ని భోజనానికి పిలిచాం. సరంగు గారి విస్తరి బల్ల చివర, కిటికీ వైపు వేశాను. అందరం కూర్చున్నాక అమ్మాయి మొదలుపెట్టింది. వాళ్ళ మ్యూజియంలో ఏటా ఒక రోజు, తిరిగిరాని ఓడల కోసం గంట మోగిస్తారు. ఇన్నాళ్ళూ ఆ సరస్సు ఓడలకే మోగించేవారు. ఈసారి ఏ సముద్రంలో పోయిన ఓడకైనా మోగిస్తామన్నారు. ఆ ఓడ తాలూకు ఇంటి పెద్ద లేచి ఓడ పేరు చెప్పి, అది పోయిందని చెప్పాలి. అప్పుడు గంట కొడతారు.

"సో నాన్నా, మన ఓడ కూడా ఓడిపోయింది కదా. నీ పేరు ఇచ్చేశాను" అంది.

మా ఇంట్లో తండ్రిని ఎవరూ నువ్వు అనలేదు. అది ఎప్పుడో వదిలేశాను. కానీ ఈ మాట దగ్గర పులిహోర గరిటె నా చేతిలో ఆగిపోయింది.

"ఏమైంది మన ఓడ?"

"ఓడిపోయింది."

గుంటూరు మిత్రుడికి పొలమారింది. మంచినీళ్ళు తాగి, "అమ్మాయి అన్నదాంట్లో తప్పేముందండీ. తుఫానుతో కుస్తీకి దిగింది, ఓడింది" అన్నాడు.

"లాస్ట్ అంటే ఓడిపోవడమే కదా అంకుల్?"

"మ్యాచ్ లాస్ట్ అయితే ఓడిపోవడం తల్లీ. ఓడ లాస్ట్ అయితే…" అని అతను నా వైపు చూసి, వాక్యం పూర్తి చేయకుండా అప్పడం విరుచుకున్నాడు.

"మా ఓడ ఇంకా రాలేదు" అన్నాను.

"హండ్రెడ్ ఇయర్స్ దాటింది నాన్నా."

"దాటితే? వచ్చిందా? రాలేదు. నేనన్నదీ అదే కదా."

"అలా చెప్తే గంట కొట్టరు. లాస్ట్ అని చెప్పాలి."

"అయితే నా పేరు తీసేయమను."

అమ్మాయి ఏడవలేదు, గొంతు పెంచలేదు. నిటారుగా కూర్చుని నా వైపే చూసింది. ఆ కూర్చోవడం నాకు తెలిసిందే. "త్రీ ఇయర్స్ నుంచి ఎవరెవరి ఓడలకో నేనే గంట కొడుతున్నా నాన్నా. అందరి ఫ్యామిలీస్ వచ్చి నిలబడతారు. మనదానికి ఒక్కసారి కొట్టాలని ఉంది నాకు. నేను చెప్తే కుదరదు, పెద్దవాళ్ళే చెప్పాలి" అంది. తరువాత పప్పు అడిగి వేసుకుంది. ఆ పూట మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

ఆ ఓడకు మా ముత్తాత గారు తన తల్లి పేరు పెట్టారు. అందుకే ఇక్కడ రాయడం లేదు. పోయిందని చెప్పమంటే, నలుగురిలో లేచి ఆ తల్లి పేరు పలికి పోయిందని చెప్పడమే. నాకు ముందున్నవాళ్ళు అనని మాట నేనెందుకు అనాలి?

అతిథులు వెళ్ళాక నా భార్య సరంగు గారి విస్తరి ఎత్తి వెనక పెరట్లోకి తీసుకువెళ్ళింది. ప్రతి పండుగకూ ఆ పెరుగన్నం మా పెరట్లో దిగే కెనడా బాతులకు వెళ్తుంది. తనది కరీంనగర్. కాలేజీలో పరిచయమైన రోజున ఓడల సంగతి చెబితే, "మా ఊళ్ళె పడవ బొమ్మ గూడ లేదు, నాకెందుకు చెప్తున్నవ్" అంది. తరువాత నాలో నచ్చిందేమిటో ఇప్పటికీ చెప్పలేదు.

బాతులకు అన్నం వేస్తూ అడిగింది. "సరంగు పెండ్లాం మీ ఇంటికొచ్చి అడిగేదని చెప్పిండ్రు గదా, ఆ ముచ్చట మళ్ళ చెప్పుండ్రి."

చెప్పాను. అది మా ఇంట్లో అందరూ గౌరవంగా చెప్పుకునే కథ. ఓడ రావలసిన కాలం దాటాక సరంగు గారి భార్య సాయంత్రాలు మా వెనక గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడేది. ముత్తాత గారు స్వయంగా బయటకు వచ్చి, "ఇంకా రాలేదమ్మా" అనేవారు. ఆ ఇల్లాలు ఆయన మాట మీద గురితో చివరిదాకా బొట్టూ గాజులూ తీయలేదు. మేడ అమ్ముకున్న తరువాత కూడా, ఊరి చివర అద్దె ఇంటి గుమ్మం దగ్గరకు వచ్చి అడిగేదట. అంత నమ్మకం మా ఇంటి మీద.

"నమ్మకం మంచిదే. మీ ముత్తాతకు ఎదురుచూసుడు గౌరవం. ఆమెకేంది?" అంది నా భార్య. "ఒక్క మాట చెప్తే ఏడ్సేది. ఏడ్సి ఊకునేది. పిల్లలను చూసుకునేది. జిందగీ అంత తలుపు కాడ నిలవెట్టిండ్రు పాపం."

"మా వాళ్ళు అబద్ధం చెప్పలేదు."

"నిజం గూడ చెప్పలే."

బాతులు విస్తరి అంచు కూడా పొడిచి తినేశాయి. నా భార్య చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళింది. నేను గడ్డి మీద మిగిలిన విస్తరి ముక్కలు ఏరాను. సరంగు గారి భార్య పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. సరంగు గారి పేరు కూడా తెలియదు. ఇన్నేళ్ళుగా పేరు తెలియని మనిషికి వడ్డిస్తున్నాం.

మరునాడు అమ్మాయి కారులో సామాను పెట్టుకుంటుంటే చెప్పాను. "వస్తాను. చూస్తాను. ఆ మాట మాత్రం నాచేత అనిపించవద్దు."

"ఓకే నాన్నా. వస్తే చాలు."

వేసవి చివర్లో వెళ్ళాం. నా భార్య పులిహోర, వంకాయ కూర, పెరుగన్నం కూలర్లో సర్దింది. నేను అడ్డాకు విస్తరి ఒకటి మడత పడకుండా వెనక సీటులో పెట్టాను. నలుగురితో కలిసి తినే భోజనం ఎక్కడ జరిగినా దాని చోటు దానికి ఉండాలి.

గంట మోగించేది మధ్యాహ్నం. ఉదయం అమ్మాయి మమ్మల్ని తన పడవ దగ్గరకు తీసుకువెళ్ళింది. సొంత ఓడలున్న వాళ్ళు టికెట్టు కొని పడవ ఎక్కరని మా తాతగారు అనేవారు. ఆ మాట మీద నేను ఇంతవరకూ ఏ పడవా ఎక్కలేదు. అదే చెప్పాను.

"టికెట్ లేదు నాన్నా. స్టాఫ్ ఫ్యామిలీకి ఫ్రీ."

"ఉచితంగా అయితే మరీ ఎక్కను."

"ఎట్ల ఎక్కుతరు మరి, పల్లకి తేవాల్నా?" అంది నా భార్య, అప్పటికే పడవలో కూర్చుని.

అమ్మాయి నా బూట్లు చూసింది. నల్లగా పాలిష్ చేసినవి. సూటు, టై కూడా వేసుకున్నాను. "బోట్ షూస్ తెచ్చుకోలేదా?" అని అడిగింది. ఇవే నా బోట్ షూస్ అన్నాను. తను నవ్వకుండా చెయ్యి అందించింది. నన్ను నవ్వకుండా పడవ ఎక్కించగలిగేది తనొక్కతే. ఎక్కాను.

పడవ ఒడ్డు నుంచి కొంత దూరం పోయి ఆగింది. అడుగున అద్దాల చుట్టూ అందరూ వంగారు. నేను వంగకుండా, కూర్చున్నచోటు నుంచే చూద్దామనుకున్నాను. కనిపించలేదు. వంగాను.

నీళ్ళు ఆకుపచ్చగా, చల్లని గాజులా ఉన్నాయి. కింద ఒక తెరచాప ఓడ ఉంది. శిథిలం కనిపిస్తుందనుకుని వచ్చాను నేను. అది నిటారుగా కూర్చుని ఉంది. పైన చెక్కలు వరసగా, ఎక్కడిదక్కడే. తాళ్ళు చుట్టే పెద్ద చెక్క గిలకలు, సరుకు దించే చదరపు ద్వారం, పక్కకు వాలి పడుకున్న తెరచాప స్తంభం. చిన్న చేపలు ఆ ద్వారంలోంచి వస్తూ పోతూ ఉన్నాయి. గోధుమలు వేసుకుని పోతూ పొగమంచులో మరో ఓడకు తగిలి మునిగిందని అమ్మాయి మైకులో చెబుతోంది. ఇంగ్లీషులో తన గొంతు వేరుగా ఉంటుంది, ఇంకాస్త పెద్దమనిషి గొంతులా. జనం బుద్ధిగా విన్నారు. నా భార్య నా మోచేతిని పొడిచి, "ఎంత మంచిగ చెప్తున్నది సూడుండ్రి" అంది. చూస్తూనే ఉన్నాను.

మాటలు అయ్యాక అమ్మాయి నా పక్కకు వచ్చి కూర్చుంది. నేను అడగాలనుకోని ప్రశ్న అడిగాను. "మనది కూడా ఇలాగే ఉంటుందా?"

"మనదా? ఉండదు నాన్నా. ఇక్కడ చల్ల నీళ్ళు, ఉప్పు లేదు, అందుకని వుడ్ ఇలా ఉంటుంది. మనది వామ్ సీ కదా. వుడ్‌ని పురుగులు తినేస్తాయి. టేకు అయితే కొంచెం లేట్‌గా తింటాయేమో. యాంకర్ ఉంటుంది మట్టిలో ఎక్కడో. మేకులు కొన్ని." చెప్పడం పూర్తయ్యాక నా ముఖం చూసింది. "సారీ నాన్నా."

"సారీ ఎందుకు. అడిగాను, చెప్పావు."

చిన్నప్పుడు మా ఓడ ఎక్కడో ఇంకా వస్తూనే ఉందనుకునేవాణ్ణి. పెద్దవాణ్ణయ్యాక సముద్రం అడుగున ఎక్కడో తెరచాపలతో సహా నిలబడి ఉందనుకున్నాను. ఇంకా రాలేదు అన్నప్పుడల్లా నా మనసులో ఒక పూర్తి ఓడ ఉండేది, చుక్కాని దగ్గర సరంగు గారు ఉండేవారు. రావలసినది ఒకటి ఉంటేనే కదా, రాలేదు అనడానికి అర్థం. కింద ఆకుపచ్చ వెలుగులో ఎవరిదో ఓడ అంత పొందికగా కూర్చుని ఉంటే, మాది పురుగులకు పోయిందని నా కూతురు నా పక్కన కూర్చుని చెప్పింది. బాధ కలుగుతుందని కాసేపు చూశాను. కలగలేదు. చాలాసేపు నిలబడిన మనిషికి ఎవరో వచ్చి, ఇక కూర్చోవచ్చు అని చెప్పినట్టు అనిపించింది.

మధ్యాహ్నం ఒడ్డున గడ్డి మీద కుర్చీలు వేశారు. చెక్క చట్రానికి గంట వేలాడదీశారు. తాడు పట్టుకుని అమ్మాయి నిలబడింది. ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. ఊతకర్ర పట్టుకున్న ఒక ముసలావిడ తన తాతగారి తండ్రి ఓడ పేరు చెప్పి, పోయింది అంది, అంతే, వచ్చి కూర్చుంది. గంట మోగింది. లావుపాటి మనిషి ఒకాయన చెప్పబోయి ఆగి, టోపీ తీసి, రెండోసారి చెప్పాడు. గంట మోగింది. ఎవరూ పెద్దగా ఏడవలేదు. తమ వాళ్ళను గురించి ఆ ఒక్క మాట చెప్పి వచ్చినంత మాత్రాన వాళ్ళెవరూ చిన్నవాళ్ళు కాలేదు. అది గమనించాను.

చివరికి ఇంకెవరూ లేవలేదు. అమ్మాయి తాడు వదలలేదు. నన్ను పిలవలేదు కూడా. మాట ఇచ్చింది కదా. నా వైపు చూసి, వెంటనే సరస్సు వైపు తిరిగింది.

నేను లేచాను. కోటు గుండీ పెట్టుకుని వెళ్ళి గంట పక్కన నిలబడ్డాను. ఓడ పేరు చెప్పాను. కోరంగి నుంచి రంగూన్‌కు అని చెప్పాను. అంతవరకు ఇంగ్లీషులోనే చెప్పాను. మిగిలిన మాట మా వెనక గుమ్మం దగ్గర నిలబడిన ఆ ఇల్లాలికి చెప్పాలి, ఆమెకు ఇంగ్లీషు రాదు. అందుకని తెలుగులో చెప్పాను.

"ఇక రాదమ్మా."

కుర్చీల్లో వాళ్ళు ఎవరైనా అనువాదం చేస్తారేమోనని ఆగారు. అమ్మాయి అనువాదం చేయలేదు. తాడు లాగింది. గంట చప్పుడు నీళ్ళ మీద చాలా దూరం పోయింది. నా భార్య చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. ఊళ్ళో పడవ బొమ్మ కూడా లేని మనిషి.

భోజనాలకు మేపుల్ చెట్టు కింద బల్ల దొరికింది. గిన్నెలు విప్పాం. అడ్డాకు విస్తరి బల్ల చివర, సరస్సు వైపు వేసి, నా చేత్తోనే పెరుగన్నం, మాగాయ ముక్క వడ్డించాను. ఈ బాతులకు ఎవరు చెప్పారో, అప్పుడే మూడు నాలుగు మా వైపు నడక మొదలుపెట్టాయి.

"కూర్చో" అన్నాను అమ్మాయితో.

"ఎక్కడ?"

"అక్కడే."

"అది సరంగు గారిది కదా?"

"పొద్దున్న పడవ మీద వెళ్ళి, అందరినీ క్షేమంగా తీసుకువచ్చింది ఎవరు?"

తను నా ముఖంలోకి చూసింది, హాస్యమాడుతున్నానేమోనని. ఆడలేదు. కూర్చోబోతుంటే, "ఆగు, కాళ్ళు" అంది నా భార్య. ఆ ఆచారం నాకంటే తనకే ముందు గుర్తొచ్చింది. మంచినీళ్ళ సీసా మూత తీసి అమ్మాయి కాళ్ళ మీద పోసింది. చెప్పులతో సహా తడిశాయి. అమ్మాయి కూర్చుని తినడం మొదలుపెట్టింది.

"నాన్నా, ఇప్పుడు ఓడిపోయింది అనొచ్చా?"

"అనకూడదు. అది ఇప్పటికీ తప్పే."

"పెరుగు కొంచెం పుల్లగా ఉంది అమ్మా."

"పుల్లగుండదా మరి? నాలుగు తరాల సంది తోడు పెట్టిన పెరుగాయె."

నేను నవ్వాను. నవ్వానని తరువాత నా భార్య గుంటూరు మిత్రుడికి ఫోన్ చేసి మరీ చెప్పింది. అమ్మాయి మాగాయ ముక్క కూడా చీకి, విస్తరిని తన వైపుకు మడిచింది. ఆ విస్తరిని మడవగా నేను చూడటం అదే మొదటిసారి.

ఈ వసంతంలో పడవల సీజన్ మొదలయ్యే ముందు అమ్మాయి ఇంటికి వచ్చింది. వెళ్ళే రోజున ముద్దపప్పు, దొండకాయ వేపుడు, చారు. బాగా తింది. నేను పెరుగు గిన్నె ఎత్తేసరికి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నం సగంల లేస్తవా? నాలుగు గంటలు నడపాలె" అంది వాళ్ళమ్మ.

"అక్టోబర్‌లో వచ్చి తింటా అమ్మా" అంటూ లేచి, చేతులు కడుక్కుని, కారు తాళాలు తీసుకుంది. నేను పెరుగు గిన్నె మీద మూత పెట్టాను.